దస్తూరికి మార్కులు

1834వ సంవత్సరమున పందొమ్మిదేండ్ల యువకుడొకడు గుమాస్తా పనికై లండనులోని ప్రధాన తపాలా కార్యాలయమునకు పోగా, అచటివారు వాని చేతికొక పాత ఈకకలము నిచ్చి, టైమ్సు పత్రికనుండి కొన్ని పంక్తులు నకలు వ్రాయుమనిరి. కాగితముపై సిరా మరకలు పడినవి, అక్షరదోషములు దొరలినవి. ఇంటివద్ద సాపుగా వ్రాసి తెమ్మని పంపగా, ఆతడు గిబ్బను రచించిన రోమక సామ్రాజ్యచరిత్రనుండి నాలుగైదు పుటలు చక్కని దస్తూరితో ఎత్తి వ్రాసి మరునాడు కొనిపోయెను. దానిని చూచినవారు లేరు; గణితమున పరీక్షింతుమన్న మాటయు మరుగుపడెను; ఆతనికి కుర్చీ మాత్రము లభించెను. పెద్దల పరిచయమే యోగ్యతాపత్రమైన దినములవి. ఆ యువకుడే పిమ్మట నవలాకారుడుగా ప్రసిద్ధి గాంచిన ఆంథొనీ ట్రోలప్.

ఇట్టి నియామకపద్ధతిని సమూలముగ మార్పదలచి స్టాఫర్డ్ నార్త్‌కోట్, చార్లెస్ ట్రెవెల్యన్ అను నిరువురు సమర్పించిన నివేదిక 1854లో ప్రకటితమాయెను. వీరిలో ట్రెవెల్యన్ 1859లో చెన్నపట్టణమునకు గవర్నరై వచ్చినవాడగుటచే మనకు పూర్తిగ పరాయివాడు కాడు. 1855లో అభ్యర్థులను పరీక్షించుటకై సివిల్ సర్వీసు కమిషను ఏర్పడెను గాని, ఎల్లరకును తలుపులు తెరచిన బహిరంగపోటీకి 1870 వరకు వేచియుండవలసి వచ్చెను.

ఆ పరీక్షలలో నన్ను మిక్కిలి ఆకర్షించునది నకలు వ్రాయు ప్రశ్న. కొట్టివేతలతో, పంక్తుల నడుమ ఇరికించిన చేర్పులతో, పొడిఅక్షరములతో చిక్కుపడిన చిత్తుప్రతి నొకదానిని అభ్యర్థి ముందుంచి, నిర్ణీతకాలములో ఒక్క మాటయు జారకుండ, ఒక్క మాటయు చేరకుండ సాపుప్రతి తీయుమనెడివారు. చెదరియున్న అంకెలను పట్టికలోనికి కుదించుట, ఉత్తరము ఎవరినుండి ఎన్నడు ఏ విషయమై వచ్చినదో క్లుప్తముగ నమోదుచేయుట అను పరీక్షలును ఉండెడివి. ఇవన్నియు కచేరీలో మరునాటినుండి చేయవలసిన పనులే. తొలి సంవత్సరములలో తప్పినవారిలో పెక్కుమందిని కూలద్రోసినవి అక్షరదోషములు, అంకగణితము. తప్పులను లెక్కింపవచ్చును గనుక వీనికి మార్కులు వేయుట సులభము. అయితే దస్తూరి మాట యేమి? ఒక పరీక్షకునికి ముత్యములవలె తోచిన అక్షరములు మరొకనికి వట్టి అలంకారముగ తోపవచ్చును గదా!

అమెరికాలో గార్‌ఫీల్డ్ అధ్యక్షుని ఉద్యోగార్థి యొకడు కాల్చిన పిమ్మట, 1883లో పరీక్షలద్వారా ఉద్యోగముల నిచ్చు పెండిల్టన్ చట్టము వచ్చినది. అచటి పరీక్షలలో ప్రతి విషయమును నూటికి లెక్కించి, సగటున కనీసపు మార్కులు రానివారిని జాబితాలో చేర్చెడివారు కారు. దస్తూరిని కొలుచు చిక్కును మాత్రము విడదీయ యత్నించినది పరీక్షాధికారులు గాక విద్యాపరిశోధకులు. 1912లో లియొనార్డ్ ఎయిర్స్ బడిపిల్లల వ్రాతలను 1,578 సేకరించి, అర్థమునుబట్టి మాటను ఊహించు వీలులేకుండ పదములను తారుమారు చేయించి, చదువరు లొక్కొక్క దానిని చదువుటకు పట్టిన కాలమును గడియారముతో కొలిపించెను. త్వరగ చదువబడునదే మంచి దస్తూరి! వ్రాత చదువువానికొరకే పుట్టినదను ఈ తీర్మానమంత న్యాయమైనది ఈ చరిత్రలో మరొకటి నాకు కానరాదు.

న్యాయముకానిదియు ఒకటి కలదు. బుద్ధితో చేయు పని వేరు, చేతితో చేయు పని వేరు అని నార్త్‌కోట్, ట్రెవెల్యనులు గీచిన గీత మూలమున, నకలువ్రాతలో నేర్పరి యైనవాడు తరచుగ ఆ నేర్పుతోడనే క్రిందిమెట్టున నిలిచిపోయెను. ప్రాపకము లేని పేదవానికి ద్వారము తెరచిన పరీక్షయే వాని తలపై కప్పును గూడ దించెను. చిక్కుప్రతిని విప్పి చదువుటకు బుద్ధి అక్కరలేదనుట ఆ పని ఎన్నడు చేయనివారి మాట.

తరువాత టైపుయంత్రము వచ్చి అందరి అక్షరములను ఒక్క అచ్చున పోసెను. అందముమీది వివాదము అంతటితో తీరి, వేగమును తప్పులును మాత్రము మిగిలెను. మన పట్టణములలోని టైపు ఇన్‌స్టిట్యూట్లలో లోయరుకు నిమిషమునకు 30 మాటలు, హయ్యరుకు 45 మాటలు అని వేలకొలది యువతీయువకులు సాధన చేసినది ఈ కొలతకే. అందు మాట యనగా నిఘంటువులోని పదము కాదు, మీటలపై అయిదు దెబ్బలు.