వైద్యసంస్కరణ మేలా, కీడా?

ప్రజలకు మేలు సేయ నుద్దేశించిన వైద్యసంస్కరణ తుదకు కీడు కలిగింపవచ్చునా యను వాదము నూతనమైనది కాదు. 1948 జూలై 5న బ్రిటనులో జాతీయారోగ్యసేవ ఆరంభమగుటకు ముందు అచ్చటి వైద్యులలో అధికసంఖ్యాకులు దానిని ప్రతిఘటించిరి. కాలక్రమమున అది ఆ దేశీయుల అభిమానమునకు పాత్రమైనది. అట్లని శంకించువారి మాట యెల్లప్పుడును వ్యర్థమనరాదు.

మన తెలంగాణమున లక్సెట్టిపేట వంటి పట్టణమున గుండెజబ్బు వచ్చిన కూలివానికి ఒకప్పుడు ఉన్న కుంటెడు భూమి అమ్ముకొనుటయో, మిత్తికి అప్పు తెచ్చుటయో, దైవముపై భారము వేయుటయో తప్ప వేరు దారి లేకుండెను. 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలై, మరుసటి యేటి జూలై నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటను వ్యాపించిన ఉచితచికిత్సా పథకమగు ఆరోగ్యశ్రీ అట్టివానికి కార్పొరేటు ఆసుపత్రి తలుపు తెరచినది. తొలుత 2 లక్షల రూపాయలుగా నుండిన చికిత్సావ్యయ పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో 10 లక్షలకు చేరినది. ఈ మేలును కాదనుట అన్యాయము.

అయినను ఈ పథకము ప్రధానముగా ఆసుపత్రిలో చేర్చుకొని చేయు చికిత్సకే చెల్లించును. ఊరి దవాఖానాలో బీపీ గోళీలు నిండుకొన్ననాడు రోగి వానిని చేతిడబ్బుతో కొనవలెను. కొనలేక మానివేసినచో, కొన్నేండ్లకు చెడిన గుండెకు మాత్రము ఖజానాకు లక్షల ఖర్చుతో, రోగికి ఉచితముగా శస్త్రచికిత్స జరుగును. విమర్శకులు వేలెత్తి చూపునది ఈ వైపరీత్యమునే.

మేలు తలపెట్టిన సంస్కరణ వెంట కీడు వచ్చుట కాన్పుల విషయమున మరింత స్పష్టము. ఇంటికాన్పులు మాన్పి తల్లీబిడ్డల ప్రాణములు కాపాడవలెనన్న ప్రభుత్వయత్నము ఫలించి, 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వే నాటికి తెలంగాణమున నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుచుండెను. కాని అదే సర్వేలో నూటికి 60.7 కాన్పులు పెద్దాపరేషన్లు. దేశపు సగటు 21.5 మాత్రమే. సర్కారు దవాఖానాలలో 44.5గా నున్న ఈ సంఖ్య ప్రైవేటులో 81.5. ఆపరేషనుకు దొరకు అధికరుసుము, నొప్పులకు జంకు, పంచాంగము చూచి పెట్టించుకొను ముహూర్తము, అన్నియు ఇందుకు తోడైనవి.

కావున సంస్కరణ దేనిని లెక్కించి, దేనికి చెల్లించునో అది పెరుగును. లెక్కింపనిది చాటున చెడును. 2017లో కరీంనగర్ సర్కారు దవాఖానాలో యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థల తోడ్పాటుతో నర్సులకు సహజకాన్పు చేయించు మంత్రసాని విద్య నేర్ప నారంభించుట ఈ పెద్దాపరేషన్ల ఆధిక్యమును దిద్దు ప్రయత్నములలో నొకటి. పథకము ఉండవలెనా, పోవలెనా యని కలహించుటకంటె, ఆపరేషను తప్పించిన నర్సుకును, బీపీని అదుపున నుంచిన ఊరి డాక్టరుకును ఖజానానుండి ఏమి ముట్టుచున్నదని పాలకులను నిలదీయుట ఓటరునకు ప్రయోజనకరము.