బీరువాకు తాళం, చేతికి దూరం

మేము చదువుకున్న ఊరి బడిలో సైన్సు బీరువా ఉండేది. దానికి తాళమూ ఉండేది. అద్దం వెనకున్న మైక్రోస్కోపును ఐదేళ్లు చూశాం, ఒక్కసారి కూడా కంటికి ఆనించుకోలేదు. 'పగిలితే ఎవరు కడతారు?' అనేవారు. వాడ నుంచి వచ్చిన పిల్లలకు 'ముట్టుకోవద్దు' అనే మాట కొత్తది కాదు.

చేత్తో చేయకుండా ఇంజనీరింగ్ అర్థం కాదు. అయితే దానికి ఖరీదైన సామానే కావాలన్నది నిజం కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 16 గ్రామీణ పాఠశాలల్లో ఒక సైన్సు కార్యక్రమం మొదలైంది. పిల్లలు నలుగురేసి జట్లుగా కూర్చుని, స్వయంగా ప్రయోగం చేసి, తాము చూసిందే రాసుకునేవారు. ఆ పనిలో భాగమైన ఇంజనీరు అరవింద్ గుప్తా అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో నమూనాలు తయారుచేశారు.

మీరూ చేసి చూడండి. ట్యూబు ముక్కలను కీళ్లుగా వాడి మూడు పుల్లలతో త్రిభుజం, నాలుగు పుల్లలతో చతురస్రం కట్టండి. నొక్కితే చతురస్రం పక్కకు ఒరుగుతుంది, త్రిభుజం ఒరగదు. మూడు భుజాల పొడవు మారనప్పుడు కోణాలూ మారలేవు. చతురస్రంలో మూల నుంచి మూలకు ఒక పొడవాటి పుల్ల కడితే అదీ గట్టిపడుతుంది. కరెంటు టవర్లలో, రైలు వంతెనల్లో ఏటవాలు కడ్డీలు ఉండేది ఇందుకే.

మన ఇళ్లలో ఈ జ్ఞానం లేక కాదు. డప్పును మంట దగ్గర కాస్తే తేమ పోయి చర్మం బిగుస్తుందని, మోత మారుతుందని మన తాతలకు తెలుసు. బడి దాన్ని సైన్సుగా గుర్తించలేదు. పిల్లలను కులవృత్తికి కట్టేయాలని మేము అనడం లేదు. ఆ చేతులకు పనిముట్లు ఇవ్వమంటున్నాం.

ప్రభుత్వం 2016లో అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు తెచ్చింది. ఒక్కో బడికి రూ. 20 లక్షల వరకు సాయం. కానీ దరఖాస్తుకు మైదాన ప్రాంతాల్లో 1,500 చదరపు అడుగుల స్థలం చూపించమన్నారు. తరగతి గదులే చాలని బడి అంత స్థలం ఎక్కడ చూపిస్తుంది? అవసరం ఎక్కువున్న బడే అర్హత కోల్పోయింది. 2025 బడ్జెట్‌లో ప్రభుత్వ పాఠశాలలకు ఐదేళ్లలో మరో 50,000 ల్యాబ్‌లు ప్రకటించారు. అవి ఏ బడులకు వెళ్తాయో ఇప్పుడే అడగాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి తరగతికీ అవసరమైన బోధనా సామగ్రి ఇవ్వాలి. ఇది దయ కాదు, హక్కు. కాబట్టి పాఠశాల యాజమాన్య కమిటీలో, అవసరమైతే సమాచార హక్కు దరఖాస్తులో మూడు ప్రశ్నలు వేద్దాం. సైన్సు సామాను ఏమేం ఉంది? ఈ ఏడాది ఎన్నిసార్లు బయటికి తీశారు? ఎవరి చేతికిచ్చారు?

మూడో ప్రశ్నకు జవాబు రాబట్టే వరకు వదలొద్దు.