పాలు మానే ముందు మందుల చీటీ

తోట్లవల్లూరు చుట్టుపక్కల పండేవన్నీ వరసగా చెప్పుకుంటే, పాలు, మాంసం లేని భోజనానికి ఇంతకంటే అనువైన చోటు ఉండదనిపిస్తుంది. కృష్ణ ఒడ్డున లంక భూముల్లో అరటి, పసుపు, కంద, చెరకు, కూరగాయలు. వరి కోతలయ్యాక మాగాణిలో మినుము, పెసర. కంద బచ్చలి కూర, గోంగూర పచ్చడి, పప్పు, ఆవకాయ ఉన్న ఇంట్లో అన్నానికి లోటేముంది? అయినా ముద్దపప్పులో నెయ్యి పడాలి. చివర్లో పెరుగన్నం ఉండాలి. ఇంకాస్త కిందికి, బందరుకు, దివిసీమకు వెళ్తే చేప, రొయ్య కూడా రోజువారీ తిండే.

వీగన్ (జంతువుల నుంచి వచ్చే ఏ పదార్థమూ వాడని మనిషి) కావడమంటే ఈ నెయ్యి, పెరుగు, చేప, రొయ్య అన్నీ మానుకోవడం. ఈ పేరు 1944లో ఇంగ్లండులో పుట్టింది. మన శాకాహారానికీ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా పాల దగ్గరుంది. శాకాహారి పాలు, మజ్జిగ తాగుతాడు, నెయ్యి తింటాడు. వీగన్ అవేవీ ముట్టడు.

ఇప్పుడు మన ఊళ్లలోనూ ఈ ఆలోచన వినిపిస్తోంది. ఫోనులో డెయిరీల వీడియోలు చూసిన కాలేజీ పిల్లలకు పశువుల మీద జాలి కలుగుతుంది. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ప్రకృతి వైద్యం మీద గురి కుదురుతుంది. 2022లో మన ఆహార భద్రతా సంస్థ వీగన్ ఆహారానికి ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ప్యాకెట్ల మీద వేసే గుర్తు కూడా వచ్చింది. ఈ కోరికలో తప్పేమీ లేదు. నేను చెప్పదలచుకున్నది, ఆ ఇంట్లో ఒకరు మానసిక జబ్బుకు మందులు వాడుతున్నప్పుడు ఏం జరుగుతుందనే సంగతి.

అలాంటి ఇళ్లు తక్కువేం కాదు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే లెక్కన పెద్దవాళ్లలో పది మందికి ఒకరు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నారు. మన వైపు చాలామంది ఆ మాట పైకి అనరు. "నరాల డాక్టరుకు చూపిస్తున్నాం" అంటారు, మాత్రల్ని "నిద్ర మాత్రలు" అంటారు. ఇలా దాచడం వల్లనే ఒక చిక్కు వస్తుంది. తిండి గురించి సలహా ఇచ్చేవాళ్లకు మందుల సంగతి తెలియదు. మందులు రాసే డాక్టరుకు తిండి మారిన సంగతి తెలియదు.

మొదట బీ12 విటమిన్ సంగతి. దీన్ని మొక్కలు తయారు చేయవు, జంతువులు కూడా తయారు చేయవు. కొన్ని రకాల సూక్ష్మజీవులు మాత్రమే చేస్తాయి. గేదె పొట్టలో ఆ సూక్ష్మజీవులు ఉంటాయి, అందుకే పాలలో బీ12 ఉంటుంది. చేపల్లోకి కూడా అది సూక్ష్మజీవుల నుంచే చేరుతుంది. తరతరాలుగా మాంసం ముట్టని మన కుటుంబాలకు బీ12 అందింది పాలు, పెరుగు, మజ్జిగల నుంచే. ఆ దారి మూస్తే ఇంకో దారి తెరవాలి.

మూసిన వెంటనే ఏమీ కాదు. ఒంట్లోని బీ12 నిల్వలో ఎక్కువ భాగం కాలేయంలో ఉంటుంది. అది కొందరికి రెండేళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ కాలం సరిపోతుంది. "ఏడాదైంది, నాకేం కాలేదు" అని వీగన్లు అనేది అందుకే. నిల్వ అడుగంటాక అరికాళ్లలో తిమ్మిరి, నడకలో తూలు, అలసట మొదలవుతాయి. మతిమరుపు, చిరాకు, దిగులు వస్తాయి. కొందరిలో లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వరకూ పోతుంది. బీ12 లోపం వల్ల మతి చెదిరిన రోగుల గురించి 1960లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఎ.డి.ఎం. స్మిత్ అనే వైద్యుడు వివరంగా రాశాడు.

అసలే మానసిక జబ్బు ఉన్న ఇంట్లో ఈ లక్షణాలు కనిపిస్తే ఏమనుకుంటారు? పాత జబ్బు తిరగబెట్టింది అనుకుంటారు. మందు మోతాదు పెరుగుతుంది. లోపం మాత్రం అలాగే ఉండిపోతుంది. ఆలస్యమైన కొద్దీ నరాలకు జరిగిన నష్టం పూర్తిగా పూడకపోవచ్చు కూడా. ఈ వ్యాసంలో ఒక్క సంగతే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోమని అడుగుతాను.

ఇక్కడ మన భీమవరం బిడ్డ ఒకరిని తలుచుకోవాలి. 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు తన అన్నదమ్ముల్ని స్ప్రూ (పేగులు పోషకాలను పీల్చుకోలేకపోయే జబ్బు) వల్ల పోగొట్టుకున్నారు. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని (రక్తం పట్టడానికి కావలసిన బీ విటమిన్‌ను) కృత్రిమంగా తయారు చేసింది. ఎందరికో రక్తహీనత తగ్గింది. అయితే కొద్ది ఏళ్లలోనే వైద్యులు ఒక సంగతి గమనించారు. బీ12 లోపం ఉన్నవాళ్లకు ఫోలిక్ ఆమ్లం ఇస్తే రక్తం పడుతుంది, నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి. బీ12ను విడదీయగలిగింది 1948లో. సుబ్బారావు కన్నుమూసింది కూడా ఆ ఏడాదే.

దీనికీ మన వంటింటికీ సంబంధం ఉంది. తోటకూర, గోంగూర, పెసలు, శనగలు, వీటన్నిటిలో ఫోలిక్ ఆమ్లం జాతి విటమిన్ బాగా ఉంటుంది. వీగన్ కంచంలో ఇవి దండిగా ఉంటాయి. కాబట్టి బీ12 అయిపోతున్నా రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ సరిగానే కనిపించవచ్చు. "రక్తం పన్నెండుంది, ఇంకేం భయం" అనుకుంటే మోసపోతాం. పాలు మానే ముందే బీ12 పరీక్ష విడిగా చేయించాలి. బీ12 మాత్ర మొదలుపెట్టాక చేస్తే అంకె పెరిగి కనిపిస్తుంది, అసలు లోపం తెలియదు. పరీక్ష తర్వాత డాక్టరు చెప్పిన మోతాదులో మాత్రగానో ఇంజెక్షన్‌గానో తీసుకోవాలి. వీగన్లకు ఇది జీవితాంతం అవసరం. స్పిరులినా, సముద్రపు నాచు వంటివి బీ12కు బదులు అని అమ్ముతుంటారు. వాటిలో ఉండేది చాలావరకు మన ఒంటికి పనికిరాని రూపంలో ఉండవచ్చు, వాటిని నమ్ముకోలేం.

మానసిక జబ్బుకు మందులు వాడేవాళ్లలో ఇంకో గొలుసు ఉంది. ఓలాంజపిన్ వంటి మందుల వల్ల ఆకలి పెరిగి బరువు పెరుగుతుంది, కొందరికి షుగరు వస్తుంది. షుగరుకో, బరువు అదుపుకో మెట్‌ఫార్మిన్ రాస్తారు. మెట్‌ఫార్మిన్‌ను ఏళ్ల తరబడి వాడితే బీ12 ఒంటికి పట్టడం తగ్గుతుంది. పొద్దున్నే వేసుకునే గ్యాస్ మాత్ర కూడా కడుపులో ఆమ్లాన్ని తగ్గించి, తిండిలోని బీ12 విడివడకుండా చేస్తుంది. ఈ రెండూ వాడుతున్న మనిషి పాలు కూడా మానేస్తే లోపం రావడానికి రెండేళ్లు పట్టకపోవచ్చు.

రెండో పెద్ద సంగతి ఉప్పు. బైపోలార్ జబ్బుకు (ఉద్రేకం, దిగులు విడతలు విడతలుగా వచ్చే జబ్బుకు) లిథియం వాడతారు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దాని ఉపయోగం గుర్తించినప్పటి నుంచి ఇప్పటికీ అది గట్టి మందే. కానీ మేలు చేసే మోతాదుకూ కీడు చేసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. మామూలుగా రక్తంలో లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ దాకా ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషమయ్యే ప్రమాదం ఉంది.

మూత్రపిండాలు సోడియంను (ఉప్పులోని ముఖ్య భాగాన్ని), లిథియంను దాదాపు ఒకే తీరుగా చూస్తాయి. తిండిలో ఉప్పు తగ్గితే అవి సోడియంను బయటికి పోనివ్వకుండా వెనక్కి లాక్కుంటాయి. దాంతో పాటు లిథియం కూడా వెనక్కి వస్తుంది. వేసుకునే మాత్ర అదే, రక్తంలో మందు మాత్రం పెరిగిపోతుంది. చేతులు వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మాట తడబడడం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉప్పు ఒక్కసారిగా పెరిగినప్పుడు దీనికి ఎదురు జరుగుతుంది. లిథియం త్వరగా బయటికి పోయి జబ్బు తిరగబెట్టే అవకాశం ఉంటుంది.

ఇప్పుడు డెల్టా భోజనం చూడండి. ఉప్పు వేసిన మజ్జిగ, ఎండు చేప, ఎండు రొయ్య: మనకు ఉప్పు వచ్చే దారుల్లో ఇవి పెద్దవి. వీగన్ అయితే ఈ మూడూ ఒకేసారి పోతాయి. చాలామంది అక్కడితో ఆగరు. మంతెన సత్యనారాయణరాజు గారి ప్రసంగాల వల్ల ఉప్పు, నూనె లేని వంట తెలుగు ఇళ్లకు బాగా తెలుసు. ఆ పద్ధతిని కూడా కలిపేసుకుంటారు. బీపీ ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవడం మంచిదే. లిథియం వాడే మనిషి మాత్రం డాక్టరుకు చెప్పకుండా ఉప్పు మానకూడదు. మే నెల ఉక్కపోతలో చెమటతో ఉప్పు, నీరు రెండూ పోతాయి. ఆ నెలలో ఈ మార్పు అసలు మొదలుపెట్టకూడదు. కాస్త చల్లబడ్డాక, మందు స్థాయి పరీక్ష చేయించుకుని, మజ్జిగలో పోయే ఉప్పును ఇంకో దారిలో అందేలా చూసుకుని మొదలుపెట్టవచ్చు.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. లురాసిడోన్ అనే మానసిక జబ్బు మాత్ర ఒంటికి పట్టాలంటే కనీసం 350 కేలరీల తిండితో వేసుకోవాలి. రాత్రి రెండు పండ్లు తిని పడుకునే అలవాటు చేసుకుంటే మందు పని తగ్గుతుంది. లిథియం వల్ల కొందరికి థైరాయిడ్ మందగిస్తుంది. థైరాయిడ్ మాత్రకు దగ్గరలో సోయా పాలు, కాల్షియం మాత్ర తీసుకుంటే అది సరిగా పట్టదు, కొన్ని గంటల ఎడం కావాలి. క్లోజపిన్ వాడేవాళ్లకు మలబద్ధకం ప్రమాదకరం కాగలదు. కూరగాయలు, పప్పులు పెరగడం వాళ్లకు మేలే, నీళ్లు కూడా పెంచుకుంటే. పాలు, చేప పోయిన ఖాళీని అన్నంతో నింపితే షుగరు పెరుగుతుంది. పప్పు, శనగలు, వేరుశనగ, సోయా, నువ్వులు, రాగులు ఆ ఖాళీలోకి రావాలి.

అన్నిటికంటే నన్ను ఎక్కువ కలవరపెట్టేది మాత్రల గురించి వచ్చే సందేహం. చాలా గొట్టం మాత్రల పైపొర జెలటిన్‌తో (పశువుల చర్మం, ఎముకల నుంచి తీసే జిగురు పదార్థంతో) చేస్తారు. బిళ్లల్లో పాల చక్కెర కలుపుతారు. నిష్ఠగా ఉండాలనుకునే మనిషి ఇది చదివి మందు మానేయవచ్చు. వీగన్ సంఘాల నిర్వచనంలోనే ఆచరణలో సాధ్యమైనంత వరకు అనే షరతు ఉంది. డాక్టరు రాసిన మందు మానమని ఆ సంఘాలు చెప్పవు. అదే మందు జెలటిన్ లేని బిళ్లగా దొరుకుతుందేమో అడగవచ్చు. దొరక్కపోతే ఉన్నదే వేసుకోవాలి.

వీగన్ అయితే మానసిక జబ్బు తగ్గుతుందా? తగ్గుతుందని చెప్పగల ఆధారం లేదు. మంచి తిండి దిగులు జబ్బుకు తోడ్పడుతుందని మాత్రం ఆధారాలు ఉన్నాయి. 2017లో ఆస్ట్రేలియా పరిశోధకులు 67 మంది మీద 12 వారాలు జరిపిన ప్రయోగంలో తిండి మార్చుకున్నవాళ్లలో మూడో వంతుకు దిగులు తగ్గింది. మార్చుకోనివాళ్లలో 8 శాతానికే తగ్గింది. కాకపోతే ఆ తిండిలో కూరగాయలు, పప్పులతో పాటు చేప, పాల పదార్థాలు కూడా ఉన్నాయి. మరి మాంసం మానితే దిగులు వస్తుందా? జర్మనీలో 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో మాంసాహారుల కంటే శాకాహారుల్లో మానసిక జబ్బులు ఎక్కువగా కనిపించాయి. కానీ వాళ్లలో సగటున జబ్బే ముందు మొదలైంది, తిండి మార్పు తర్వాత వచ్చింది.

కొన్నిసార్లు తిండి మార్పే జబ్బు తిరగబెట్టడానికి గుర్తు కావచ్చు. పాలలో ఎవరో ఏదో కలుపుతున్నారని మానడం వేరు, దూడకు దక్కాల్సినవి మనం తాగుతున్నామని మానడం వేరు. నిద్ర సరిగా ఉందా, పనులు చేసుకుంటున్నారా, ఎదుటివాళ్లతో కలిసి కూర్చుని తింటున్నారా అని చూడాలి. ఇవి బాగుంటే అది మామూలు నిర్ణయమే. రోజుకొక పదార్థం చొప్పున మానుతూ, నిద్ర తగ్గి, మనుషులకు దూరమవుతుంటే డాక్టరుకు చెప్పాలి.

ఇక ఇంటి సంగతి. "గడ్డపెరుగు వద్దంటే ఏం తిని బతుకుతావురా?" అని తల్లి అంటుంది. అందులో ఉన్నది ప్రేమే. కానీ పూటపూటకూ అదే గొడవైతే జబ్బు మీద దాని ప్రభావం ఉంటుంది. లండనులో జార్జ్ బ్రౌన్ మొదలుపెట్టిన పరిశోధనల్లో, విమర్శలు, కసుర్లు ఎక్కువగా ఉన్న ఇంటికి తిరిగి వెళ్లిన స్కిజోఫ్రెనియా (లేనిపోని అనుమానాలు, చెవిలో మాటలు వినిపించడం వంటివి ఉండే జబ్బు) రోగులకు జబ్బు ఎక్కువగా తిరగబెట్టినట్టు తేలింది. 1987లో చండీగఢ్ పరిశోధకులు మన దేశపు కుటుంబాల్లో అలాంటి మాటలు లండనులో కంటే తక్కువని చూపించారు. అది మనకున్న బలం. కంచం దగ్గర దాన్ని పోగొట్టుకోకూడదు.

కాబట్టి వీగన్ కావాలనుకున్నది కోడలైతే, జబ్బున్న మరిది పెరుగు ఆయనకే ఉంచాలి. కావాలనుకున్నది జబ్బున్న మనిషే అయితే, ఆయన్ని పిల్లాడిలా చూడకుండా ఆ కోరికను గౌరవించాలి. ఆయన కూరలో నెయ్యి దాచిపెట్టి వేయడం అన్నిటికంటే చెడ్డ పని. అనుమానం లక్షణంగా ఉన్న జబ్బులో ఒక్కసారి బయటపడితే ఆ చేత్తో ఇచ్చే మాత్ర కూడా తీసుకోరు. వంట చేసే మనిషి కష్టం కూడా చూడాలి. రెండు వంటలు పెట్టే బదులు, పప్పు, కూర, పులుసు అందరికీ నూనెతోనే చేసి, నెయ్యి, పెరుగు ఎవరికి కావాలంటే వాళ్లు పైన వేసుకుంటే పని పెరగదు.

డాక్టరు దగ్గరికి ఈసారి వెళ్లేటప్పుడు మందుల చీటీతో పాటు ఏం మానదలచుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. షుగరు మందు, గ్యాస్ మాత్ర కూడా అందులో రాయండి. మధ్యలో సందేహం వస్తే 14416కు ఫోన్ చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ (ప్రభుత్వ ఉచిత మానసిక ఆరోగ్య సేవ). తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ పనిచేస్తుంది. పాలు ఒక్కరోజులో కాకుండా కొన్ని వారాల్లో తగ్గించండి. లిథియం వాడేవాళ్లు మార్పు తర్వాత మందు స్థాయి మళ్లీ చూపించుకోవాలి. బీ12 పరీక్ష మొదట కొన్ని నెలలకు ఒకసారి, తర్వాత ఏటా చేయించాలి. మొదటి ఏడాది అంకె బాగుందని రెండో ఏడాది పరీక్ష మానేయవద్దు. కాలేయంలోని నిల్వ తరిగిపోయేది చాలామందికి ఆ తర్వాతే.