వంశస్మృతి : రాతయా, ఋణమా?

కదిరి నుండి తనకల్లు వైపు సాగు ఎఱ్ఱనేలలయందు, వానచినుకు కొఱకు ఆకసము వంక చూచుట తరతరముల అలవాటైపోయిన ఆ మెట్టసీమలో, ఇంట మనుమరాలు పుట్టినచో గతించిన అవ్వ పేరు పెట్టుకొనుట పరిపాటి. పెట్టిన పిమ్మట, అత్తగారి పేరు నోట పలుకరాదని కోడలు ఆ బిడ్డను మఱియొక ముద్దుపేరుతో పిలుచుకొనును. బిడ్డ అలిగిన తీరులోను, నడచిన నడకలోను పోయినయామెను పోల్చుకొని ఇంటివారు 'ఆమే మరల వచ్చినది' అందురు. పూర్వికుల జ్ఞాపకము సంతానమునకు సంక్రమించునా యను ప్రశ్న మనకు సినిమాతో పుట్టినది కాదు గాని, ఆ ప్రశ్నకు సినిమా యిచ్చిన రూపములు విచారింపదగినవి.

1964లో వెలువడిన ఆదుర్తి సుబ్బారావుగారి 'మూగమనసులు' చిత్రమున అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి ధరించిన నవదంపతుల పాత్రలకు గోదావరిపై పడవలో పోవునప్పుడు పూర్వజన్మవృత్తాంతము స్ఫురించును. అచ్చట జ్ఞాపకము ఆత్మకు చెందినది, వంశముతో దానికి పనిలేదు. 2009లో కోడి రామకృష్ణగారి 'అరుంధతి'యందు అది వంశములోనికి దిగినది: గద్వాల సంస్థానపు జేజెమ్మయే తన మునిమనుమరాలై పుట్టును. 2011లో మురుగదాసు తమిళమున తీయగా తెలుగులో 'సెవెన్త్ సెన్స్' పేరిట వచ్చిన చిత్రమున ఆత్మ ప్రసక్తియే తొలగి, బోధిధర్ముని విద్యలు ఆయన వంశీకుడైన సర్కసు కళాకారుని జన్యువులలో నిద్రించుచుండగా, ఒక విద్యార్థిని ఆ విద్యలను మేల్కొల్ప యత్నించును. అర్ధశతాబ్ది లోపల మన తెరమీద జ్ఞాపకము ఆత్మ నుండి రక్తమునకు, రక్తము నుండి జన్యువునకు నివాసము మార్చుకొన్నది.

ఈ మూటిలో, మనస్తత్త్వదృష్టితో పరికించినచో, 'అరుంధతి' మిక్కిలి లోతైనది. శ్యాంప్రసాద్ రెడ్డిగారు నిర్మించిన, అనుష్క జేజెమ్మగాను మునిమనుమరాలుగాను నటించిన యీ చిత్రమున కొంతభాగమును మన రాయలసీమలోనే, బనగానపల్లె నవాబుల పాత బంగళాయందు తీసిరి. సమాధినుండి లేచిన ప్రతినాయకుడు పశుపతి వలన భీతి కలుగుట సహజమే. అయినను చిత్రమునకు ప్రాణమైన భయము కథానాయిక యజ్ఞానమునందున్నది. తాను చేయని పనికి తనపై ఈ పగ యేల, తనకు పరిచయము లేని గౌరవముతో పెద్దలు తన్ను 'జేజెమ్మా' యని పిలుచుట యేల, అని ఆ యువతి తల్లడిల్లును. జేజెమ్మ నాడు జరిగినది విన్నప్పుడు మాత్రమే ఆ భయము ధైర్యముగా మాఱుటకు దారి యేర్పడును. జేజెమ్మ తన యెముకలే ఆయుధము కావలెనని ప్రాణము విడిచినది; ఆ యాయుధము చేతికి వచ్చినను, మునిమనుమరాలు తన నెత్తుటితో దానిని తడుపునంతవఱకు అది పనిచేయదు.

శాస్త్రజ్ఞుల మాట యింతకంటె మితమైనది. 2013లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున బ్రయన్ డయాస్, కెర్రీ రెస్లర్ అనువారు మగ ఎలుకలకు ఎసిటోఫినోన్ అను ద్రవ్యపు వాసన చూపినప్పుడెల్లను పాదములకు స్వల్ప విద్యుదాఘాతము కలిగించి, వాటికి ఆ వాసనయన్న భయము పట్టించిరి. ఆ వాసన నెన్నడు నెఱుగని వాటి పిల్లలు, పిల్లల పిల్లలు సైతము దానికి అధికముగా ఉలికిపడినవని ప్రకటించిరి. ఈ ఫలితముపై నేటికిని వాదోపవాదములు కలవు. 1944-45 నాటి శీతకాలపు క్షామమున నెదర్లాండ్సులో తల్లికడుపున పడినవారిని ఆఱు దశాబ్దముల పిమ్మట పరీక్షింపగా, శరీరవృద్ధికి సంబంధించిన ఒక జన్యువుపైని మిథైల్ అను రసాయనిక గుర్తులు, ఆ కఱవు సోకని వారి తోబుట్టువులతో పోల్చినప్పుడు తక్కువగా నున్నవని 2008లో తేలినది. జన్యువులోని వ్రాత మాఱకయే, అందేది పలుకవలెను, ఏది మౌనము వహింపవలెను అను ఏర్పాటు మాఱుటను పరిశీలించు ఈ శాస్త్రమునకు ఎపిజెనెటిక్స్ అని పేరు. ఇది యెంత సూచించినను, సంతానమునకు అందునది ఒక ఉలికిపాటో, ఒక దేహధోరణియో యగును. తాత చూచిన దృశ్యము మనుమని కంటికి కట్టునని శాస్త్రము చెప్పలేదు.

కఱవు తరువాతి తరములపై ముద్ర వేయుట తనకల్లు సీమవారికి పరాయిది కాదు. 1876-78 నాటి ధాతకఱవు మొదలు 1952 నాటి గంజికఱవు వఱకు రాయలసీమ అనుభవించిన క్షామములు పెక్కు. ఆ యాకలిని కణములలో వెదకుటకు ముందే మనము ఇంటి యలవాటులలో చూడవచ్చును: ఇంట వండుటకు గింజ లేకున్నను విత్తనమునకు తీసిన శనగకాయల మూటను ముట్టనీయని అవ్వయందును, సంగటిముద్ద సగము విడిచి లేచిన పిల్లవానిని కసరు తాతయందును అది నేటికిని బ్రదికియున్నది. కారణము దాచి భయమును మాత్రమే అందించిన యింట బిడ్డకు మిగులునది బెదురు. కారణముతో కూడ కథ చెప్పిన యింట అదియే వివేకమగును. చెప్పి అందించినది నిలుచుననుటకు నిదర్శనము దగ్గఱనే కలదు: కదిరికి చేరువనున్న కటారుపల్లెలో సమాధి కలిగిన వేమన పద్యములు, 1829లో బ్రౌను దొర అచ్చువేయించుటకు ముందు, తాటాకులయందును జనుల నాలుకలపైనను తరతరములు నిలిచినవి. నాలుకలపై నిలుచుటకు చెప్పు పెద్దయు, విను పిన్నయు ఉండుటయే చాలినది.

వంశస్మృతిని తప్పించుకొనరాని రాతగా చూపు చిత్రము ప్రేక్షకుని భయపెట్టి పంపివేయును. ఋణముగా చూపు చిత్రము వానిని ఆలోచింపజేయును. పితరులకు మనము ఋణపడియున్నామని మన పెద్దలు చెప్పిరి. ఋణస్థునకు దానిని తీర్చుకొను అధికారమును కలదు. తాతలనాటి కక్షను మనుమని చేతికి అప్పగించు జ్ఞాపకమును, విత్తనపు మూటను కాపాడు జ్ఞాపకమును ఒకే యింట సంక్రమింపవచ్చును గనుక, అందు దేనిని తాను మోయవలెనో, దేనిని తనతో ముగింపవలెనో నిర్ణయించుకొనుట వారసుని ధర్మము. ఈ కఱవుసీమ నుండి వంశస్మృతిని గూర్చిన చిత్రమొకటి రాదగియున్నది. అందలి ఉత్కంఠ 'నేనెవరిని' అను ప్రశ్నతో ఆగిపోక, ఈ నిర్ణయముపై నిలువవలెను. అట్టి కథ వ్రాయదలచినవారు ముందుగా చేయవలసినది, 1952 నాటి కఱవున గంజి పోసిన కేంద్రముల యెదుట పిల్లలుగా నిలుచున్న వృద్ధులు బ్రదికియుండగనే వారి చెంత కూర్చుండి, విని, వ్రాసికొనుట.