పాడిపశువుల యెద – ఇల్లాలి చూపు

పాడి గల యింట ఇల్లాలి దినచర్య పశువుల కొట్టముననే మొదలగును. చిట్టును తవుడును కలిపి కుడితి పెట్టుట, పాలు పిదుకుట, పేడ తీయుట – ఇవి యన్నియు నామె చేతి పనులే. అయినను పశువు ఎప్పుడు ఎదకు వచ్చినది, చూలు నిలిచినదా లేదా యను ప్రశ్న వచ్చునప్పటికి ఆమె నడుగువారు తక్కువ. అడుగకపోవుటవలన గలుగు నష్టమును గూర్చియే సోదరీమణులకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఆవులకును గేదెలకును సుమారు 21 దినముల కొకమారు ఎద వచ్చును. ఆవునందు అది 12 మొదలు 18 గంటలు మాత్రమే నిలుచును. అరచుట, మేత తగ్గించుట, మాటిమాటికి మూత్రము విడుచుట, తీగలు వేయుట – ఇవి గుర్తులు. ఉదయమున కనబడినచో సాయంకాలమునను, సాయంకాలమున కనబడినచో మరునాటి యుదయమునను వీర్యదానము చేయింపవలెను. గేదెలలో, ముఖ్యముగా వేసవియందు, ఈ గుర్తులు మిక్కిలి మందముగా నుండును. దీనినే మూగయెద యందురు. ఆ పూట తప్పినచో మరల మూడు వారముల మేత దండుగయే.

ఈ చిక్కు తీర్చుటకే, పెక్కు పశువులకు ఒకే సమయమున ఎద రప్పించు పద్ధతు లేర్పడినవి. ఎద ముగిసిన పిమ్మట అండాశయముపై నొక పసుపుపచ్చని గ్రంథి పెరుగును. అది యున్నంతకాలము మరల ఎద రాదు. ప్రోస్టాగ్లాండిన్ అను సూదిమందు ఆ గ్రంథిని కరగించును. పిదప 2 మొదలు 5 దినములలో ఎద వచ్చును. అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమువారు 1995లో ప్రకటించిన ‘ఓవ్‌సింక్’ పద్ధతిలో సూదులు మూడు. అండము విడుదలను ప్రేరేపించు మందు మొదట నిత్తురు. ఏడు దినములకు ప్రోస్టాగ్లాండిన్, మఱి రెండు దినములకు మొదటి మందే మరల నిచ్చి, 16 మొదలు 20 గంటలకు వీర్యదానము చేయుదురు. ఎదకై కాచుకొనవలసిన పని లేదు. గ్రామమందలి పశువుల కన్నిటికి ఒక్కదినముననే పని తీరును.

మేలైన పద్ధతియే. కాని యొక్క సంగతి మఱవరాదు: చూలును నిలుపునదియు ఆ పసుపుపచ్చని గ్రంథియే! మేమెఱిగిన యొక యింట గేదె ఎదకు రాలేదని తలచి, పరీక్ష చేయింపకయే ప్రోస్టాగ్లాండిన్ సూది వేయించిరి. నాలుగు దినములలో అది ఈచుకపోయెను. రెండు నెలల క్రిందట పొలమున దున్నపోతు దాటిన సంగతి ఆ యింటి అత్తగారికి తెలియును. ఆమె నెవ్వరు నడుగలేదు. పుట్టవలసిన దూడయు, రావలసిన యీత పాడియు నొక్కసారియే పోయినవి.

కావున పశువైద్యుడు చేయి పెట్టి పరీక్షించి, చూలు లేదని చెప్పినగాని ఆ సూది వేయనీయకుడు. ఆ మందు మనుష్యుల చర్మము గుండను లోని కింకును. గర్భిణీ స్త్రీలును, ఉబ్బసము గలవారును దానిని తాకనే రాదు. సీసా పట్టుకొమ్మని కోడలి నడుగుట ఎంతమాత్రము తగదు. మఱియు మేత చాలక చిక్కిన పశువును సూది యొక్కటియే చూలు కట్టింపజాలదు. ముందు దాని కడుపు చూడవలెను.

గోడనున్న పంచాంగముపై ఎద వచ్చిన దినమును, వీర్యదానము చేసిన దినమును గుర్తు పెట్టుడు. పిమ్మట 18 మొదలు 24 దినములలోపల తిరుగబొర్లినదేమో కనిపెట్టుడు. పొర్లకున్నను, మూగయెద కావచ్చును గనుక, రెండు మూడు నెలలకు పరీక్ష చేయింపుడు. చూలు నిలిచినచో ఆవు సుమారు 280 దినములకును, గేదె సుమారు 310 దినములకును ఈనును. వైద్యుడు వచ్చి యడుగునప్పుడు ఆ గుర్తులు చూపి సమాధానము చెప్పవలసినది, దినదినము కొట్టమున మెలగు ఇల్లాలే.