మేజోటికి మడమ

మే నెలలో బెజవాడ వీధిని నడచి వచ్చినవానితో మేజోళ్ల మాట ఎత్తినచో నవ్వును. కొన్ని ఏండ్లు ఎండ 45 డిగ్రీలను తాకు ఈ పట్టణమున కాలికి చెప్పే బరువు. బడికి పోవు పిల్లలకు, కచేరీకి పోవు పెద్దలకు మేజోడు తప్పనిసరి కావచ్చును. ఇంట కూర్చుండి చేతితో అల్లుకొనదగిన వేడుక వస్తువు ఎట్లగును? అది ఉన్నితో అల్లునది, చలిదేశములది, మనకేల అని చాలమంది తలపు.

చరిత్ర ఈ తలపును సమర్థింపదు. సూదులతో అల్లిన వస్త్రములలో నేటికి నిలిచియున్న మిక్కిలి ప్రాచీనములు ఈజిప్టు దేశమున దొరికినవి. వానిలో మేజోళ్లు కలవు. 11వ, 14వ శతాబ్దుల నడిమి కాలమునకు చెందిన ఆ మేజోళ్లలో పెక్కు ప్రత్తినూలుతో అల్లినవి, తెలుపుతో నీలిమందు రంగును కలిపి అల్లినవి. ప్రత్తియు, నీలియు కృష్ణాతీరమునకు క్రొత్తవా? మచిలీపట్టణపు అద్దకము నెరిగిన కన్నులకు ఆ మేజోడు దూరపు చుట్టమువలె తోచును.

చేతిపని విషయమునను మనము పేదలము కాము. పొరుగున గోదావరి డెల్టాలో, నరసాపురము చుట్టుపట్ల గ్రామములలో స్త్రీలు లేసు అల్లుచున్నారు. 19వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీల వెంట వచ్చిన ఆ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే లేసుకు ఒక్క కొక్కెపు సూది చాలును. ఒక మెలిక ముగిసిన పిదపనే మరియొకటి మొదలగును. మేజోటి అల్లికలో మెలికలన్నియు సూదులమీద వరుసగా నిలిచి తమ వంతుకై ఎదురుచూచును. వల కన్నులవలె వీనిని కన్నులందము. ఒకదానిలోనుండి ఒకటి జారి వచ్చును గనుక గుడ్డ సాగును, మరల ముడుచుకొనును. బల్లమీద పరచుటకు లేసు అందము. పాదమును పట్టి ఉండుటకు ఈ సాగుడు కావలెను.

రెండు వైపుల మొనలున్న సన్నని సూదులు నాలుగు తీసికొనుడు. మూడింటిమీద 20 చొప్పున 60 కన్నులు ఎత్తి, నాల్గవదానితో గుండ్రముగా అల్లుకొని పోవలెను. పైపట్టీలో రెండు కన్నులు ముందువైపునకు, రెండు వెనుకవైపునకు తీయుదురు. సాగి తిరిగి వచ్చు గుణము ప్రత్తికి తక్కువ. ఈ పట్టీ దానికి ఆ గుణమును అరువిచ్చును. ఇంతవరకు అది వట్టి గొట్టము. గొట్టమును మూల తిప్పుటలోనే విద్య అంతయు ఉన్నది.

సగము కన్నులను, అనగా 30, కదలక నిలిపి, తక్కిన 30 మీద అటునిటు 30 వరుసలు అల్లినచో మడమ వెనుకటి పలక ఏర్పడును. ఇప్పుడు వరుసను చివరివరకు పోనీయక, నడిమిని రెండు కన్నులు దాటి ఆగవలెను. అక్కడ రెండింటిని ఒకటిగా కలిపి, ఇంకొకటి అల్లి, వెనుదిరుగవలెను. అవతలి ప్రక్కను అట్లే. మలుపు మలుపునకు ఒక్కొక్క కన్ను ముందునకు సాగుచుండగా, నడుమ గుడ్డ ఆకుదొప్పవలె తనంత తానే లోతగును. 30 కన్నులు 18కి దిగును. కత్తెర లేదు, కుట్టు లేదు. పలక అంచుల వెంట 15 చొప్పున ఎత్తి, నిలిపిన 30తో కలుపగా మొత్తము 78. వరుస విడిచి వరుసకు రెండేసి తగ్గించినచో 18 వరుసలలో మరల 60కి వత్తుము. ఎక్కడ లెక్క తప్పినను మడమ వంకరపోయి చెప్పివేయును. వ్రేళ్లవైపు పని దీనిముందు పిల్లల ఆట.

ఎవరికి అల్లవలెను? నన్నడిగినచో, ఇంటి పెద్దలకు. మధుమేహము ముదిరినవారికి పాదములలో స్పర్శ తగ్గును. మేజోటి లోపలి కుట్టు ఒరసినను తెలియదు, చిన్న పుండు పెద్దదగును. చేతి అల్లికలో వ్రేళ్లకొనను కుట్టు లేకుండ కూర్పవచ్చును. వారికి పైపట్టీ వదులుగా, నూలు సన్నగా, ముడులు లేక ఉండవలెను. తెలుపు మేలు, నెత్తురు చుక్క అంటినచో వెంటనే కనిపించును. ఇదివరకే పుండున్నచో వైద్యుని మాట ముందు.

అమ్ముటకు మాత్రము వలదు. 1589లో ఇంగ్లండున విలియం లీ మేజోళ్ల యంత్రమును కల్పించిన నాటినుండి ధరలో చేయి ఓడుచునే ఉన్నది. అలవాటైన చేతికే జత ముగియుటకు ఇరువది గంటలు పట్టవచ్చును. అంగడి ధర ఆ గంటలకు కూలి కట్టదు. నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982లో గ్రంథము వెలువరించిన జర్మను విదుషి మరియా మీస్ ఈ చిక్కునే ఎత్తిచూపినది. గంటల తరబడి శ్రమించువారిని తీరికవేళ సూది పట్టిన ఇల్లాండ్రుగా లెక్కించుటచే వారి కూలి అణగియుండెనని ఆమె వాదము. “ఊరక కూర్చుండనేల, నాలుగు జతలు అల్లి ఈయరాదా?” అని వర్తకుడు వచ్చినచో, గంటకెంత అని మొదట అడుగుడు.

ఇంకొక్క మాట. ఒక మేజోడు ముగియగానే అల్లువారికి ఉత్సాహము తగ్గుట అన్ని దేశములలోను ఉన్నదే. ఒంటి మేజోడు పెట్టె అడుగున పడియుండును. మొదటిది ముగిసిన సాయంకాలమే రెండవదానికి 60 కన్నులు ఎత్తి ఉంచుకొనుడు.