చిన్న రంధ్రం.. పెద్ద నిర్ణయం!

మా అమ్మకు నలభై రెండేళ్లు. నిర్మల్‌లో మా గల్లీలోని చాలామంది అమ్మల్లాగే బీడీలు చుడుతుంది. నెలసరి వస్తే పది రోజులైనా ఆగదు. రెండేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఓ రోజు కళ్లు తిరిగి పడిపోతే ఆస్పత్రికి తీసుకెళ్లాం. స్కానింగ్‌లో గర్భసంచిలో గడ్డలు కనిపించాయి.

‘పిల్లలు పెద్దోళ్లైనరు కదా, ఇంకెందుకమ్మా? కీహోల్‌లో తీసేద్దాం. చిన్న రంధ్రాలే’ అన్నారు అక్కడ. ఐదు నిమిషాల్లో నిర్ణయం అయిపోయింది. అమ్మ తలూపింది. ‘మీ పెద్దమ్మకూ తీసిన్రు కదా బిడ్డా’ అంది నాతో. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు కీహోల్ అంటే?

పొట్ట కోయకుండా, అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు వరకు ఉండే మూడు నాలుగు రంధ్రాలు పెడతారు. కార్బన్ డయాక్సైడ్ నింపి, కెమెరా పంపి, టీవీ తెర మీద చూస్తూ ఆపరేషన్ చేస్తారు. ఇదే లాప్రోస్కోపీ. ఈ పద్ధతిలో గర్భసంచిని తొలిసారి 1988లో అమెరికాలో హ్యారీ రైక్ అనే డాక్టర్ తొలగించారు. నొప్పి తక్కువ, ఇంటికి త్వరగా రావచ్చు. అండాశయంలో నీటి బుడగలు, ఎండోమెట్రియోసిస్ లాంటి సమస్యలకు ఇది నిజంగా వరం. గర్భసంచిని ఉంచి, గడ్డల్ని మాత్రమే తీయడానికీ పనికొస్తుంది.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. రంధ్రం చిన్నదైనంత మాత్రాన లోపల తీసేది చిన్నది కాదు! గర్భసంచి తీసేస్తే అండాశయాలు ఉంచినా మెనోపాజ్ ముందే రావచ్చు. అవీ తీసేస్తే ఎముకలకు, గుండెకు ముప్పు పెరుగుతుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం. తెలంగాణలో 7.7 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ! అనవసర ఆపరేషన్లను అడ్డుకునే మార్గదర్శకాలు అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రాలకు చెప్పింది.

చరిత్రలో లేని నొప్పి

మా నిర్మల్ చరిత్ర అడిగితే ఎవరైనా గడగడా చెప్తారు. నిమ్మనాయుడి పేరు, కోటలు, ఫిరంగులు, పొణికి కర్ర బొమ్మలు, 1860లో రాంజీ గోండుతో పాటు వెయ్యి మందిని ఉరితీశారని చెప్పుకునే మర్రిచెట్టు. 2016 అక్టోబరు 11న జిల్లా అయిన సంగతీ చెప్తారు. అంతకుముందు జిల్లా కేంద్రమంటే ఆదిలాబాదే. మహబూబ్ ఘాట్ ఎక్కి దాదాపు ఎనభై కిలోమీటర్లు పోవాలి. రోజు కూలి పోగొట్టుకొని, ‘అక్కడ’ నొప్పి అని చెప్పడానికి అంతదూరం ఏ నాయనమ్మ పోయింటది? అందుకే నొప్పిని దాచుకున్నరు. ఆ చరిత్ర ఎవరూ రాయలేదు.

ఇప్పుడు నిర్మల్‌కు సొంత జిల్లా ఉంది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. దాచుకోవడం మాత్రం ఇంకా పోలేదు.

ఈ నాలుగు అడగండి

అమ్మను ఇంకో డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లా. ఫోన్‌లో రాసుకున్న ప్రశ్నలు అడిగా:

• ఇది క్యాన్సరా, కాదా? ఏ పరీక్షతో తేలుతుంది?
• మందులతో గానీ, హార్మోన్ కాయిల్‌తో గానీ తగ్గదా?
• గడ్డల్ని మాత్రమే తీయొచ్చా?
• గర్భసంచి తీయక తప్పదంటే, అండాశయాలు ఉంచుతారా?

ఆమె విసుక్కోలేదు. పరీక్షలు చేయించింది. క్యాన్సర్ కాదు. రక్తానికి ఐరన్ మాత్రలు ఇచ్చి, కాయిల్ వేసింది. మెనోపాజ్ తర్వాత ఇలాంటి గడ్డలు సాధారణంగా చిన్నవవుతాయనీ, తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచిద్దామనీ చెప్పింది. అందరికీ ఇదే దారి కాదు. కొందరికి ఆపరేషన్ తప్పదు, అది ప్రాణం కాపాడుతుంది కూడా. కానీ అడిగి తెలుసుకోవడం అందరి హక్కు.

ఆర్నెల్లయింది. అమ్మకు రక్తస్రావం బాగా తగ్గింది. మొన్న బీడీలు చుడుతూ పక్కింటి అత్తతో అంటోంది: ‘ఉత్తగనే తలూపకు వదినా.. ముందుగాల అడుగు!’

ఇవాళ ఇంటికెళ్లాక మీరూ మీ అమ్మను ఓసారి అడగండి. ‘అమ్మా, నీకేమన్న నొప్పి ఉందా?’ అని.